ఎక్కి దూకినా ఊగని బల్ల

పిల్లలు బల్లను బల్లలా వాడరు. ఎక్కుతారు, కింద దూరి ఇదే మా ఇల్లంటారు, కొస పట్టుకుని వేలాడతారు, ఇద్దరూ కలిసి బస్సు బస్సు అంటూ హాల్లో ఆ మూల నుంచి ఈ మూలకి తోస్తారు. మా పెద్దదానికి ఐదేళ్లు, చిన్నవాడికి రెండున్నర. బజార్లో కొన్న ప్లాస్టిక్ బల్ల, ఆ తర్వాత వచ్చిన మడత బల్ల వాళ్ల చేతుల్లో అయిపోయాక రెండింటినీ తిరగేసి ఎక్కడ పోయాయో చూశాను. పై పలకలకి ఏమీ కాలేదు. కాలు పలకని కలిసే చోటే రెండూ పోయాయి. మీద కూర్చుంటే పోలేదు, పక్కకి తోస్తే పోయాయి. ఇంక కొనడం మానేసి చేద్దామనుకున్నప్పుడు నేను రాసుకున్న మొదటి షరతు అదే: ఎంత బరువు మోస్తుందన్నది తర్వాత, ముందు ఊగకూడదు.

మాది రాజమండ్రి. మా వీధిలో ఒక వడ్రంగి బాబాయి ఉన్నారు. వయసు మీద పడి బయటి పనులు ఒప్పుకోవడం లేదు కానీ పనిముట్లన్నీ నూనె రాసి ఉంచుకుంటారు. "చేసిపెట్టను, చేస్తుంటే చూస్తా" అన్నారు. నాకు కావలసిందీ అదే. స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి కొలతలు నావి. కోతలు మా ఆయనవి. తిట్లు బాబాయివి.

ముందు ఎత్తు తేల్చుకున్నాం. మా అత్తయ్య "బల్లెందుకమ్మా, పీటేసి కూర్చోబెట్టు, మేమంతా అలాగే పెరిగాం" అన్నారు. బొమ్మలు గీసుకోవడానికైతే ఆవిడ మాటే సరి. కానీ నాకు నీళ్లాట, ఇసకాట కూడా దీని మీదే కావాలి. అవి నిలబడి ఆడే ఆటలు. అందుకని ఇద్దర్నీ గోడకి ఆనించి నిలబెట్టి, మోచెయ్యి మడిపించి, ఆ ఎత్తులో పెన్సిల్ గీత పెట్టాను. చిన్నవాడిది 21 అంగుళాల దగ్గర పడింది, పెద్దదానిది 25కి కాస్త పైన. నిలబడి పని చేసుకునే బల్ల మోచేతికి ఒక అంగుళం కిందుంటే భుజాలు ఎత్తక్కర్లేదు. వాడికి 20 ఖాయం చేశాను. పెద్దది నిలబడితే వంగాల్సి వస్తుంది కాబట్టి దానికి స్టూలు. కూర్చునే చోటికీ బల్ల పైకీ మధ్య 8 అంగుళాలు ఉంటే రాత పనికి చెయ్యి బాగా ఆనుతుంది. అంటే స్టూలు 12. ఆ ఎత్తులో దాని పాదాలు నేలకి ఆనుతున్నాయో లేదో పుస్తకాలు పేర్చి కూర్చోబెట్టి చూసుకున్నాను.

ఇక్కడే బాబాయితో మొదటి గొడవ. పలక కింద చుట్టూ వచ్చే పట్టీలు 4 అంగుళాల వెడల్పు ఉండాలంటారు ఆయన. పట్టీ ఎంత వెడల్పుంటే కాలిని అంత గట్టిగా పట్టుకుంటుంది, అది నిజమే. కానీ 20 లోంచి పలక మందం ముప్పావు, పట్టీ 4 తీసేస్తే కింద మిగిలేది పదిహేనుంపావు. స్టూలు 12 పోతే తొడలకి మిగిలింది మూడుంపావు. పెద్దదాని తొడే మూడున్నర దాకా ఉంది. స్కేలు పెట్టి చూపించాక ఒప్పుకున్నారు, అదీ సగమే: కూర్చునే పొడుగు వైపుల్లో 3 అంగుళాలు, నిలబడే అడ్డం వైపుల్లో 4. ఆ తగ్గిన అంగుళానికి బదులు లోపలి నాలుగు మూలల్లో త్రికోణపు దిమ్మలు పడాలన్నారు. పడ్డాయి.

రెండో గొడవ కాళ్ల అడుగున. నేలకి కాస్త పైన కాళ్లని కలుపుతూ అడ్డపట్టీ వేయడం మామూలు పద్ధతి, వేస్తే బల్ల బిగుస్తుంది. పెద్దవాళ్ల బల్లకి నేనూ వేయిస్తాను. కానీ రెండున్నరేళ్లవాడికి అది నిచ్చెన మెట్టు. అది వద్దంటే కాళ్లు లావుగా ఉండాలి. 20 అంగుళాల పొట్టి కాలు రెండున్నర అంగుళాల చదరంలో ఉంటే అడుగు పట్టీ అక్కర్లేదని చివరికి ఆయనే తేల్చారు. కాళ్లు సరిగ్గా మూలల్లోనే ఉండాలి, పలక బయటికి పొడుచుకు రాకూడదు అన్నది కూడా అక్కడే అనుకున్నాం. కాళ్లకి అవతల పలక ఎంత బయటికుంటే, దాని మీద చేతులు పెట్టి వేలాడే పిల్లకి బల్లని తిరగేయడం అంత తేలిక. బల్ల మొత్తం 42 అంగుళాల పొడుగు, 28 వెడల్పు.

కలప కోసం అడితికి వెళ్లలేదు. కొత్త టేకు ధర ఒకటి, అది ఎంత ఆరిందో మనకి తెలియకపోవడం ఇంకొకటి. పచ్చి కలపతో చేస్తే ఎండాకాలం వచ్చేసరికి అతుకులు వదులవుతాయి. మామిడి చెక్క చవకే కానీ పురుగు పడుతుంది. తుమ్మ గట్టిదే, బండి చక్రాలకి వాడిన కర్ర, కానీ అది మా ఆయన చేతి రంపానికి లొంగదు. పాత పెంకుటిళ్లు కూల్చినప్పుడు వచ్చిన కలప అమ్మే కొట్లు మా ఊళ్లో ఉన్నాయి. అక్కడ దూలాలు, వాసాలు, ద్వారబంధాలు, కిటికీ రెక్కలు విడివిడిగా పేర్చి ఉంటాయి. ఏళ్ల తరబడి పెంకు కింద ఆరిన టేకు అది, ఇంక కదలాల్సిన కదలిక పెద్దగా మిగిలి ఉండదు. నేను వాసమే అడిగాను, తలుపు చెక్క వద్దన్నాను. కొట్టతనికి వింతగా అనిపించింది, తలుపు చెక్క ఇంకా నున్నగా ఉంటుంది కదా అని. నా భయం దాని మీదున్న ఆకుపచ్చ రంగు. ఇళ్లకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగుని గీకితే లేచే దుమ్ములో ఏముంటుందో చెప్పలేం, ఆ దుమ్ము పిల్లలున్న ఇంట్లో లేవకూడదు. వాసానికి రంగు వేయరు. పొగచూరి నల్లగా ఉంటుంది, అంతే. చిత్రిక పడితే లోపల తేనె రంగు.

కలప ఘనపుటడుగుల్లో అమ్ముతారు. పొడుగు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో పెట్టి గుణించి 144తో భాగిస్తే వచ్చేది అదే. 3 అంగుళాల చదరపు వాసం 8 అడుగులుంటే అర ఘనపుటడుగు. నాలుగు కాళ్లకీ కలిపి 80 అంగుళాలు కాబట్టి ఒక్క వాసం చాలు, కోతకి పోయేది పోనూ ఇంకా కాస్త మిగులుతుంది. పట్టీలకి ఒక అటక పలక దొరికింది. సామిల్లులో చిత్రిక పట్టించేముందు అయస్కాంతం పట్టుకుని కలప పొడుగునా జరిపించారు బాబాయి. విరిగిన మేకు ఒకటి లోపల ఉంటే మిషన్ బ్లేడు పోతుంది, ఆ ఖర్చు మన నెత్తిన పడుతుంది. మాకు తల ఊడిన పాత మేకులు మూడు దొరికాయి. ఒకదాని చుట్టూ ఉలితో తవ్వి తీయాల్సి వచ్చింది. ఆ గుంత కాలికి లోపలి ముఖంలో వచ్చేలా కోసుకున్నాం.

ఇప్పుడు అసలు పని, అతుకులు. మూలకొక ఇనుప బిళ్ల పెట్టి స్క్రూలు బిగిస్తే ఒక పూటలో అయిపోయేది. బాబాయి ఒప్పుకోలేదు. "స్క్రూ పట్టుకుంటుందమ్మా, కాదనను. కానీ ఊపేకొద్దీ తన బెజ్జం తనే పెద్దది చేసుకుంటుంది" అన్నారు. కాబట్టి కుసి, బెజ్జం. పట్టీ కొసని సన్నం చేసి నాలుకలా తీసేది కుసి, అది దిగడానికి కాలిలో తవ్వేది బెజ్జం. మా పట్టీల మందం అంగుళం, కుసి మందం అందులో మూడో వంతు, పొడుగు అంగుళంన్నర. రెండు పక్కల నుంచి వచ్చే కుసులు కాలి లోపల ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. కాబట్టి వాటి కొసలు 45 డిగ్రీల ఏటవాలుగా కోయాలి. మా ఆయన ఇది కాగితం మీద చూసి నమ్మలేదు. దోసకాయ ముక్కలతో చేసి చూపించాను, అప్పుడు నమ్మాడు. దోసకాయ పప్పులోకి పోయింది.

బెజ్జం ముందు డ్రిల్లుతో వరసగా తోడి, మిగిలింది ఉలితో చదును చేశాం. కుసి ఒక్కసారికి సరిపోదు. పెట్టడం, ఎక్కడ నలుగుతోందో మెరుపు చూసి గుర్తుపట్టడం, అక్కడ ఉలితో ఒక్క పొర లేపడం, మళ్లీ పెట్టడం. చేత్తో నొక్కితే సగం దాకా వెళ్లాలి, మిగిలిన సగం కొయ్య సుత్తి దెబ్బలకి దిగాలి. పూర్తిగా చేత్తో దిగిపోతే వదులు. మొదటి దెబ్బకే ఆగిపోతే కాలు పగులుతుంది. సరిగ్గా కుదిరిన కుసి దిగేటప్పుడు సుత్తి చప్పుడు మారుతుంది. ముందు బోలుగా, పోను పోను బిగువుగా, కుసి మొదట్లోని మెట్టు, అంటే భుజం, కాలికి తగిలిన క్షణాన రాయి మీద కొట్టినట్టు ఖంగున. బాబాయి వీధి గుమ్మంలో కూర్చుని, లోపలికి చూడకుండానే, "ఇంకా దిగలేదు, ఇంకొకటి వెయ్యి" అనేవారు. ఆయన అన్నది ఒక్కసారి కూడా తప్పలేదు.

దాని మీద వెదురు మేకు. ఇది నేను ఇంతకు ముందు ఎక్కడా గమనించని పని. కాలికి అడ్డంగా ఒక చిన్న బెజ్జం ముందే వేస్తారు. కుసిని దింపి ఆ బెజ్జంలోంచి గుర్తు పెట్టి బయటికి తీస్తారు. కుసికి వేసే బెజ్జం ఆ గుర్తు మీద వేయరు, ఒక మిల్లీమీటరు పాటు కుసి మొదలు వైపు, అంటే భుజం వైపు జరిపి వేస్తారు. మళ్లీ దింపి వెదురు మేకు కొడితే అది రెండు బెజ్జాలనీ ఒక వరసకి తేవడానికి కుసిని ఇంకా లోపలికి లాగుతుంది. క్లాంపులు లేని రోజుల్లో బిగింపంతా ఇదే. జిగురు ఎప్పుడో వదిలేసినా ఈ లాగుడు పోదు. మేకుకి ముదురు వెదురు కావాలి, కొస కొద్దిగా సన్నం చేయాలి. మిగిలిన తలని రంపంతో కోసేసి నున్నగా రుద్దేస్తే పిల్లలు గిల్లడానికి ఏమీ మిగలదు.

టేకుతో ఒక చిక్కుంది, దాని ఒంట్లోనే నూనె ఉంటుంది. జిగురు పెట్టేముందు అతికే ముఖాల్ని థిన్నరు గుడ్డతో తుడవాలి, లేకపోతే ఫెవికాల్ పట్టు సగమే. నీళ్లాట ఉంది కాబట్టి మెరైన్ రకం తెచ్చాం. టేకు పొట్టుకి నాకు తుమ్ములు పట్టుకున్నాయి. మాస్కు లేకుండా రుద్దే పని పెట్టుకోకండి, పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వకండి.

పై పలకకి ప్లైవుడ్ అనగానే బాబాయి మొహం చూడాలి! అచ్చం కలప పలకలు జోడించి వేస్తే ఎంత అందంగా ఉంటుందో నాకూ తెలుసు. కానీ గోదావరి జిల్లాల్లో శ్రావణం వస్తే తలుపులు బిగుసుకుపోవడం ఎవరికి తెలియదు? కలప పొడుగు వైపు దాదాపు మారదు, వెడల్పు వైపు తేమకి పెరుగుతుంది, ఎండకి తగ్గుతుంది. 28 అంగుళాల వెడల్పు పలకని చట్రానికి జిగురుతో అతికేస్తే ఏదో ఒక కాలంలో ఎక్కడో ఒక చోట చీలుతుంది. అతకకుండా కదలనిస్తే ఊగకుండా ఉండటానికి పలక సాయం చేయదు. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి ఎటూ పెద్దగా కదలదు. జిగురు, స్క్రూలతో చట్రానికి గట్టిగా అతికేయొచ్చు. అప్పుడది కేవలం పలక కాదు, నాలుగు పట్టీలూ నలుచదరంగానే ఉండేలా పట్టుకునే బిగింపు. ఈ మాట చెప్పాక బాబాయి ఇంకేం అనలేదు. తర్వాత ఒకసారి ఎవరితోనో "ప్లై అయితే బిగుస్తుంది" అంటుంటే విన్నాను.

కొన్నది 19 మిల్లీమీటర్ల ఐఎస్ (భారత ప్రమాణం) 710 రకం, కొట్లో మెరైన్ అంటారు. ఐఎస్ 303 కింద మామూలు తేమకి తట్టుకునే రకమూ ఉంటుంది, మరిగే నీటికి నిలిచేదీ ఉంటుంది. షీటు మీద ముద్ర చదివే కొనాలి. నీటికి నిలవడం ఒక్కటే కారణం కాదు. మెరైన్‌లో వాడే ఫినాల్ రకం జిగురు గాలిలోకి వదిలే ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువు, చవక ప్లైలోని యూరియా రకం కంటే తక్కువ. పిల్లలు ముక్కు ఆనించి ఆడే పలక ఇది. చెక్క పొట్టు అదిమి చేసే ఎండీఎఫ్, పార్టికల్ బోర్డుల సంగతి అడగకండి, ఒక్కసారి నీళ్లు దిగితే ఉబ్బి ఊరుకుంటాయి.

ప్లై అంచులు కనపడకుండా చుట్టూ ముప్పావు అంగుళం టేకు పట్టీ. అందుకే ప్లైని నలభైన్నరకి ఇరవయ్యారున్నరగా కోశాం. మూడు వైపుల పట్టీని పలక కంటే కొంచెం పైకి లేపాం, గోలీలూ క్రేయాన్లూ దొర్లిపోకుండా. నాలుగో వైపు పలకతో సమానంగా ఉంచాం. మరమరాలు, ఇసక, చెరిపిన రబ్బరు పొట్టు ఒక్క తుడుపుతో చాటలోకి రావాలంటే ఒక వైపు తెరిచి ఉండాల్సిందే. ఈ ఆలోచన మా పనమ్మాయిది, బల్ల మొత్తంలో దీనికి వచ్చినన్ని మెచ్చుకోళ్లు ఇంక దేనికీ రాలేదు.

నీళ్లాటకి ఒక కొసన స్టీలు బేసిన్ దించాం. అంచు ఉన్న బేసిన్ తీసుకుని, అంచు లోపలి కొలతకి గుండ్రంగా జిగ్‌సాతో కోస్తే అంచు మీదే అది వేలాడుతుంది, ఎత్తి తీసి కడుక్కోవచ్చు. మధ్యలో కాకుండా ఒక కొసకి పెట్టడం వల్ల మిగతా బల్ల రాతకి, బ్లాకులకి మిగిలింది. బేసిన్ పట్టీ కంటే కిందికి దిగుతుంది, కాబట్టి ఆ కొసన కూర్చోవడం కుదరదు, నిలబడే ఆడాలి. వాడనప్పుడు కప్పడానికి మిగిలిన ప్లైతో మూత చేశాం. మూతకి మడతబందులు పెట్టలేదు. బొమ్మల భద్రతకి మన ఐఎస్ 9873 ప్రమాణం ఉంది, 2021 జనవరి నుంచి అమ్మే బొమ్మలకి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేశారు. బొమ్మల ప్రమాణాల్లో మూత కీలు దగ్గరి సందు గురించి ఒక లెక్క ఉంటుంది: 5 మిల్లీమీటర్ల కడ్డీ దూరితే 12 మిల్లీమీటర్లదీ దూరాలి. మధ్యలో ఉండే సందులోనే చిన్న వేళ్లు ఇరుక్కుని నలుగుతాయి. ఇంట్లో చేసుకునే బల్లకి ముద్ర ఎవరూ అడగరు కానీ వేలు వేలే కదా. మూత ఎత్తడానికి పట్టే బెజ్జం కూడా రెండు వేళ్లు హాయిగా ఆడేంత పెద్దదిగా వేశాం. ఒక మాట గట్టిగా చెప్తాను. ఆట అవగానే బేసిన్ నీళ్లు పారబోయాలి. ఇంత చిన్నపిల్లలకి అంగుళాల లోతు నీళ్లు కూడా ప్రమాదమే. నీళ్లున్నంతసేపూ మాలో ఒకరం పక్కనే ఉంటాం.

మూలలు గుండ్రం చేయడానికి నా చేతి గాజు పెట్టి గీశాం. రూపాయి బిళ్ల గుండ్రం చాలదు, చిన్నవాడి నుదురు సరిగ్గా ఆ ఎత్తులో లేకపోయినా వాడు పడేటప్పుడు ఎక్కడ ఉంటాడో తెలియదు. ఉప్పుకాగితం ముందు గరుకైన 80 నంబరు, తర్వాత 120, చివరికి 220. ఎప్పుడూ కలప పొర వెంబడే. పని అయిందా లేదా అని చెప్పడానికి మా అత్తయ్య పాత నైలాన్ చీర ముక్క పనికొచ్చింది. అంచుల మీద లాగితే ఎక్కడ పేడు లేచి ఉంటే అక్కడ పట్టేసుకుంటుంది. కంటికి కనపడనివి అది పట్టింది.

పాలిష్ దగ్గర బల్లని రెండు ముక్కలుగా చూడాల్సి వచ్చింది. కాళ్లకి, పట్టీలకి లక్క పాలిష్, అంటే లక్క రేకుల్ని స్పిరిట్‌లో కరిగించింది. మందుబిళ్లల మీద పూతగా, మిఠాయిల మెరుపుకి వాడేదీ లక్కే కాబట్టి వాడు నాకినా నాకు దిగులు లేదు. ఏటికొప్పాక బొమ్మల మీద ఉన్నదీ ఈ లక్కే. కాకపోతే వాళ్లు స్పిరిట్‌లో కరిగించరు, తరిణి మీద తిరుగుతున్న అంకుడు కర్రకి రంగు కలిపిన లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. బాబాయికి ఆ పని రాదు, కానీ చెప్తుంటే కళ్లు మెరిశాయి. లక్కకి నీళ్లు పడవు, తడి గ్లాసు పెడితే తెల్లటి వలయం మిగిలిపోతుంది. అందుకని పై పలకకి మాత్రం నీళ్లతో కలిపే రకం పీయూ (పాలీయురెథేన్) పాలిష్, మూడు పూతలు, పూతకీ పూతకీ మధ్య 220తో తేలిగ్గా రుద్దుడు. బేసిన్ కోసం కోసిన గుండ్రం లోపలి అంచుకి ఇంకో రెండు పూతలు ఎక్కువ వేశాం. ప్లై కోత ముఖం నీళ్లు తాగే చోటు అదే. చేతికి అంటకుండా ఆరడం ఒక రోజు పని, లోపల పూర్తిగా గట్టిపడటానికి వారాలు పడుతుంది. ఆ వారాలు పిల్లల్ని ఆపడం బల్ల చేయడం కంటే కష్టమైంది.

తీర్పు రోజున బాబాయి వచ్చి ఒక మూల పట్టుకుని అటూ ఇటూ ఊపారు. తర్వాత చెప్పులు విప్పి బల్లెక్కి నిలబడి, "అబ్బాయ్, నువ్వూ ఎక్కు" అని మా ఆయన్ని పిలిచారు. ఇద్దరూ మీద నిలబడి ఉండగా నేను పక్క నుంచి తోశాను. బల్ల నేల మీద జరిగింది కానీ కాళ్ల దగ్గర చప్పుడు రాలేదు. ఆయన దిగి టీ అడిగారు.

పిల్లలు బస్సు ఆట మానలేదు. బల్ల బరువుకి ఇప్పుడు ఇద్దరూ తోస్తే గానీ కదలదు. కాళ్ల కింద మందపాటి ఫెల్టు బిళ్లలు అతికించాను, టైల్స్ గీతలు పడకుండా. నీళ్లు ఒలికిన చోట అవి తడిసి ఊడుతున్నాయి కాబట్టి బేసిన్ వైపు రెండు కాళ్లకి రబ్బరు బిళ్లలకి మార్చాను.

హైదరాబాద్‌లో ఉన్న మా ఆడపడుచు ఇలాంటిదే కావాలంది. వాళ్లది ఐదో అంతస్తు, లిఫ్ట్ చిన్నది, అద్దిల్లు, ఏడాదికోసారి మారతారు. వాళ్లకి కాళ్లు ఊడొచ్చేలా ఉండాలి. అలాగైతే పట్టీల కుసులు కాలిలో కాకుండా మూల దిమ్మలో దిగుతాయి, కాలిని ఆ దిమ్మకి బోల్టుతో బిగించాలి, కొన్ని నెలలకోసారి నట్లు మళ్లీ తిప్పుకోవాలి. మాదంత బిగువు రాదని ముందే చెప్పేశాను. కొలతలు రాసి పంపేముందు బాబాయికి చూపిస్తే మిగతావన్నీ చూసి ఊరుకున్నారు, కాలి మందం దగ్గర నేను రెండు అని రాసిన దాన్ని కొట్టేసి రెండున్నర అని దిద్దారు.